పొలం గట్టు నుంచి సింకు దాకా: ఒకే ప్రాక్టికల్ మీద వ్యవసాయ అధ్యాపకుల శిక్షణ

వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు సబ్జెక్టు రాదన్న బెంగ అక్కర్లేదు. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చేసరికి ఒకే అంశం మీద ఏళ్ల తరబడి పని చేసి ఉంటారు. వారికి ఎవరూ నేర్పనిది ఒకటుంది: ముప్పై మంది విద్యార్థులు, ఒక తూకం, ఆరు బ్యూరెట్లు (ద్రవాన్ని చుక్క చుక్కగా వదిలి కొలిచే గాజు గొట్టాలు), రెండు గంటలు. ఈ నాలుగింటినీ కలిపి ఒక పాఠంగా నడపడం. బడిలో పాఠం చెప్పడానికి బీఎడ్ కావాలి. విశ్వవిద్యాలయంలో చెప్పడానికి అలాంటి చదువేదీ అడగరు. వ్యవసాయ పరిశోధన సర్వీసుకు ఎంపికైన శాస్త్రవేత్తలకు రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్)లో పునాది కోర్సు ఉంది, ఆ అకాడమీ 1976 నుంచి పని చేస్తోంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరినవారు మాత్రం చాలాసార్లు నియామక పత్రం అందుకున్న వారానికే తరగతి గదిలో నిలబడాల్సి వస్తుంది.

ఇక్కడ రాస్తున్నది ఒక వ్యవసాయ కళాశాలలో పన్నెండు మంది కొత్త అధ్యాపకులకు ఆరు రోజుల పాటు జరిగిన శిక్షణ గురించి. వారిలో మృత్తికా శాస్త్రం వారు, సస్య శాస్త్రం వారు, పర్యావరణ శాస్త్రం వారు ఉన్నారు. ముగ్గురికో జట్టు చొప్పున నాలుగు జట్లు చేశాం. ప్రతి జట్టులో కనీసం రెండు విభాగాల వారు ఉండాలన్నది ఒక్కటే నియమం. బోధనా సిద్ధాంతాల మీద ఉపన్యాసాలు పెట్టలేదు. ఆరు రోజులూ ఒకే ఒక ప్రాక్టికల్ తీసుకున్నాం: నేలలో సేంద్రియ కర్బనం కొలవడం. పొలంలో మట్టి తీయడంతో మొదలై, రైతుకు ఎరువు మోతాదు చెప్పడం మీదుగా, ఫ్లాస్కులో మిగిలిన ద్రవం ఎక్కడికి పోతుందో తేలేదాకా. ఒక్క ప్రాక్టికల్‌ను ఇలా మొదలూ చివరా చూసిన అధ్యాపకుడు మిగతా పదిహేనింటినీ తనే సరిచేసుకోగలడని మా నమ్మకం.

ఈ ప్రాక్టికల్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. సేంద్రియ కర్బనం కొలిచే వాక్లీ–బ్లాక్ పద్ధతి ప్రతి వ్యవసాయ కళాశాలలోనూ ఉంది. పైకి సులువుగా కనిపిస్తుంది, లోపల తప్పు జరిగే చోట్లు డజనుకు తక్కువ ఉండవు. దాని అంకె నేరుగా రైతు యూరియా సంచిని తాకుతుంది. అది వాడే క్రోమియం పర్యావరణ పాఠానికి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. వ్యవసాయం ఒక గదిలో, పర్యావరణం ఇంకో గదిలో చెప్పుకునే అలవాటును ఇంత బాగా బయటపెట్టే ప్రాక్టికల్ మరొకటి లేదు.

మొదటి రోజు: ఒకే పొలం, నాలుగు సంచులు

ఎకరం పొలం ఒకటి చూపించి, నాలుగు జట్లనూ విడివిడిగా మట్టి నమూనా తెమ్మన్నాం. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పుస్తకంలో ఉన్నది అందరికీ వచ్చు: వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది నుంచి పది చోట్ల, పైన చెత్త తీసేసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, ఒక పక్క గోడ నుంచి పైనుంచి కింద దాకా అంగుళం మందాన మట్టి చెక్కాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తగ్గించాలి.

ఆచరణలో పోయింది ఎక్కడంటే చెక్కడం దగ్గర. పార దింపి, గుంటలోంచి వచ్చిన మట్టినే పిడికెడు బకెట్లో వేస్తారు. అలా తీస్తే పై రెండు అంగుళాల మట్టి ఎక్కువ, అడుగు మట్టి తక్కువ పడుతుంది. కర్బనం పైపొరలోనే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా వస్తుంది. గుంట తవ్వి ఆ మట్టి పక్కన పారేసి, నున్నటి గోడ కనిపించాక అప్పుడు చెక్కాలి. ఈ ఒక్క సంగతి చేసి చూపించడానికి మూడు నిమిషాలు పట్టదు, చెప్పకుండా వదిలేస్తే మాత్రం నాలుగేళ్ల డిగ్రీ మొత్తం తప్పుగానే తీస్తారు.

ఇంకొన్ని: గట్టు పక్కన, చెట్టు నీడన, పేడ కుప్ప పోసిన చోట, కాలువ మొగదల తీయకూడదు. ఎరువుల సంచిలో మట్టి వేయకూడదు. జింకు, ఇనుము లాంటి సూక్ష్మ పోషకాలు కూడా చూడాలనుకుంటే తుప్పు పట్టిన పార, జింకు పూత ఉన్న బకెట్ పనికిరావు, ప్లాస్టిక్ బకెట్ వాడాలి. తడి నల్లరేగడిని అక్కడికక్కడ నాలుగు భాగాలు చేయడం కుదరదు. ముద్దలు కలవవు, ఏ ముద్ద చేతికొస్తే అదే నమూనా అయి కూర్చుంటుంది. నీడన సగం ఆరనిచ్చి, చేత్తో చిదిపి, అప్పుడు కలపాలి. ఎర్ర చల్క నేలలో ఈ బాధ లేదు కానీ రాళ్లు ఎక్కువ. జల్లెడ పట్టాక మిగిలిన రాళ్ల బరువు రాసుకునే అలవాటు చేయాలి. చీటీ పెన్సిల్‌తో రాయాలి, ఒకటి సంచి లోపల, ఒకటి బయట. పెన్నుతో రాసిన చీటీ తడి మట్టిలో ఒక్క రాత్రికే అలుక్కుపోతుంది.

రైతుతో మాట్లాడటం కూడా పాఠమే. కొత్త అధ్యాపకులు సర్వే ఫారం చేత్తో పట్టుకుని ‘సేంద్రియ ఎరువుల వినియోగం ఎంత?’ అని అడుగుతారు. రైతు ‘వేస్తామండీ’ అంటాడు. సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. అదే మనిషిని ‘పెద్దాయనా, పోయినేడు ఈ మడికి పశువుల ఎరువు ఎన్ని ట్రాక్టర్లు తోలారు? వరి కోశాక కొయ్యకాళ్లు దున్నేశారా, తగలబెట్టారా? గొర్రెల మంద కట్టించారా?’ అని అడిగితే కావలసినదానికంటే ఎక్కువే చెబుతాడు. ఆ జవాబులు లేకుండా కర్బనం అంకెను అర్థం చేసుకోలేం. అందుకే ఈ మూడు ప్రశ్నలూ నమూనా చీటీ వెనకాలే రాయమన్నాం.

నాలుగు జట్లూ ఒకే పొలం మట్టి తెచ్చాయి. ప్రయోగశాలలో నాలుగు అంకెలు వచ్చాయి. ఆ నాలుగు అంకెలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి వదిలేశాం. తప్పు తూకంలో ఉందా, బ్యూరెట్‌లో ఉందా అని వాదన మొదలైంది. అప్పుడు ఒక జట్టు సంచిలోని మట్టినే నాలుగు జట్లకూ ఇచ్చి మళ్లీ చేయించాం. ఈసారి అంకెలు దగ్గరకు వచ్చాయి. ప్రయోగశాలలో జరిగే పొరపాటు కంటే పొలంలో జరిగే పొరపాటు పెద్దదని విద్యార్థికి అర్థం చేయించడానికి ఇంతకన్నా మంచి దారి మాకు దొరకలేదు. సంచులు పారేయకుండా ఉంచితే తరువాతి బ్యాచ్‌కూ పనికొస్తాయి.

తూకం దగ్గర వరస

ప్రాక్టికల్ ఎందుకు చెడుతుందని అడిగితే అధ్యాపకులు విద్యార్థుల శ్రద్ధ గురించి చెబుతారు. లెక్క వేసి చూస్తే కారణం తూకం. ముప్పై మంది, ఒకే ఎలక్ట్రానిక్ తూకం, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. గంట అక్కడే అయిపోయింది. మిగిలిన గంటలో ముప్పై నిమిషాలు ఆమ్లం పోశాక ఆగాల్సిన సమయం. బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా పోసి కొలిచే టైట్రేషన్‌కు మిగిలింది అరగంట, బ్యూరెట్లు ఆరు. ఒక్కో టైట్రేషన్‌కు ఏడు నిమిషాలు వేసుకున్నా ముప్పై ఫ్లాస్కులు అయిదు వరసలు, ముప్పై అయిదు నిమిషాలు. అందుకే చివరి పది మంది పక్కవాడి రికార్డు చూసి అంకె రాసుకుంటారు. వాళ్ల తప్పేముంది? పాఠం కాగితం మీదే ఫెయిలయింది.

కాబట్టి రెండో రోజు మధ్యాహ్నం అంతా గడియారంతోనే కూర్చోబెట్టాం. ప్రతి జట్టూ 120 నిమిషాలను నిమిషం నిమిషం పంచి చూపించాలి. చివరికి అందరూ ఒప్పుకున్న పంపకం ఇది: ముగ్గురు విద్యార్థులకు ఒక ఫ్లాస్కు, అంటే పది ఫ్లాస్కులు, వాటికి తోడు మట్టి లేని బ్లాంకులు రెండు. మట్టిని 0.2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, ముందురోజే తూచి బటర్ పేపర్ పొట్లాలు కట్టి ఉంచుతారు. జాగ్రత్తలకు పది నిమిషాలు, ద్రావణాలు పోయడానికి పదిహేను, ఆగడానికి ముప్పై, నీరు పోసి చల్లార్చి, రంగు మార్పు చూపే సూచిక వేయడానికి పదిహేను. డెబ్బయ్యో నిమిషానికి మొదటి బ్యూరెట్ తిరగాలి. పన్నెండు ఫ్లాస్కులు ఆరు బ్యూరెట్ల మీద రెండు వరసల్లో అయిపోతాయి. తప్పినవి మళ్లీ చేయడానికీ, లెక్కకూ సమయం మిగులుతుంది.

పొట్లాలు కట్టి ఇస్తే పిల్లలకు తూచడం ఎలా వస్తుందని ఒకరు అడిగారు. సరైన ప్రశ్న. తూకం నేర్పడానికి నేల ఆమ్ల, క్షార గుణం చూసే పీహెచ్ ప్రాక్టికల్ ఉంది: 20 గ్రాముల మట్టి, 50 మి.లీ. నీరు. అక్కడ తూకంలో కొంచెం అటూఇటూ అయినా ఫలితం పాడవదు, తొందర కూడా లేదు. ఒక ప్రాక్టికల్‌లో ఒక నైపుణ్యం ఊపిరాడేలా నేర్పితే చాలు.

ఆగే ముప్పై నిమిషాలను చాలామంది హాజరు తీసుకోవడానికి వాడతారు. నిజానికి ఆ రెండు గంటల్లో విలువైనది ఆ అరగంటే. చేతులు ఖాళీగా ఉంటాయి, కళ్ల ముందు ఫ్లాస్కు వేడిగా ఉంటుంది, ‘లోపల ఏం జరుగుతోంది?’ అని అడగడానికి అంతకన్నా మంచి వేళ దొరకదు.

ఫ్లాస్కు లోపల

పద్ధతి క్లుప్తంగా: ఒక గ్రాము లేదా అరగ్రాము మట్టి, 10 మి.లీ. ఒక నార్మల్ (ద్రావణం బలానికి కొలమానం) పొటాషియం డైక్రోమేట్, 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ముప్పై నిమిషాల తర్వాత 200 మి.లీ. నీరు, 10 మి.లీ. ఆర్థోఫాస్ఫోరిక్ ఆమ్లం, డైఫినైలమీన్ సూచిక. క్రోమియం ఉన్న ఈ డైక్రోమేట్ మట్టిలోని కర్బనాన్ని ఆక్సీకరిస్తూ ఖర్చవుతుంది. మిగిలిపోయిన డైక్రోమేట్‌ను అర నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో కొలుస్తాం. రంగు నీలి ఊదా నుంచి ఒక్కసారిగా ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఈ పద్ధతికి పొయ్యి లేదు. ఆమ్లం నీటితో కలిసినప్పుడు పుట్టే వేడే పొయ్యి. అది సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడిని పోగొట్టే ప్రతి పనీ కర్బనాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. ఆమ్లాన్ని భయంభయంగా బొట్లు బొట్లుగా పోస్తే వేడి పుట్టదు. కొలజాడీతోనో డిస్పెన్సర్‌తోనో త్వరగా పోసి, ఒక నిమిషం మెల్లగా గుండ్రంగా తిప్పాలి. ఫ్లాస్కును చల్లటి గ్రానైట్ గట్టు మీద పెడితే అడుగు చల్లబడిపోతుంది, కింద చెక్క పలక వేయాలి. డైక్రోమేట్‌నైనా ఆమ్లాన్నైనా నోటితో పిపెట్‌లోకి లాగే అలవాటు ఏ ప్రయోగశాలలో కనిపించినా ఆ రోజే ఆపించాలి.

మూడో రోజు ఒక అధ్యాపకురాలు నమూనా పాఠం చెబుతుంటే, విద్యార్థి పాత్రలో కూర్చున్న సహాధ్యాపకుడు అడిగాడు: ‘మేడమ్, ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదని ఇంటర్‌లో చెప్పారు. ఇప్పుడు మీరు ఆమ్లం ఉన్న ఫ్లాస్కులో 200 మి.లీ. నీళ్లు పోయమంటున్నారు?’ గదిలో అందరూ ఆగిపోయారు. పుస్తకంలో పద్ధతి ఉంది, ఈ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు ఇది: ఫ్లాస్కులో ఉన్నది ఇప్పుడు గాఢ ఆమ్లం కాదు, డైక్రోమేట్‌తో పాటు 10 మి.లీ. నీరు ముందే కలిసింది, పెద్ద వేడి అప్పుడే పుట్టి పోయింది, అరగంట చల్లారింది. అయినా కొంత వేడి పుడుతుంది. అందుకే నీటిని గోడ వెంబడి జారనిచ్చి, మొదట కొంచెం పోసి తిప్పి, తర్వాత మిగతాది పోయాలి. రక్షణ కళ్లద్దాలు తీయకూడదు. ఇలాంటి ముడి ప్రతి ప్రాక్టికల్‌లోనూ ఒకటైనా ఉంటుంది. అధ్యాపకుడు దాన్ని ముందే వెతికి పెట్టుకోవడమే పాఠానికి సిద్ధం కావడం. ఆ రోజు నుంచి ప్రతి పాఠ ప్రణాళికలో ‘విద్యార్థి ఎదురు ప్రశ్న’ అని ఒక గడి చేర్చాం.

ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ గాలికి మెల్లగా పాడవుతుంది. లీటరుకు 196 గ్రాములు వేసి, కొంచెం ఆమ్లం చేర్చి తయారుచేస్తే అర నార్మల్ వస్తుంది, బ్లాంకుకు 20 మి.లీ. పడుతుంది. వారం తర్వాత అదే సీసాతో బ్లాంకు 21 దాటవచ్చు. ద్రావణం పాడైందని పారేయక్కర్లేదు, ఆ రోజు బ్లాంకుతో దాని బలం లెక్కగట్టుకుంటే చాలు. ‘పోయిన వారం బ్లాంకు విలువ వాడుకోండి’ అని చెప్పడం మాత్రం పెద్ద తప్పు. తీరప్రాంత ఉప్పు నేలలు, రొయ్యల చెరువుల పక్క పొలాల మట్టి అయితే క్లోరైడు కూడా డైక్రోమేట్‌ను తినేసి కర్బనం ఎక్కువని చూపిస్తుంది. బాపట్ల, నెల్లూరు వైపు చెప్పేవారు సిల్వర్ సల్ఫేట్ కలిపిన ఆమ్లం వాడాలి. ఖర్చు ఎక్కువ కాబట్టి ఆ మట్టికే పరిమితం చేయాలి.

రెండు చుక్కల విలువ

నాలుగో రోజు బోర్డు మీద వేసిన లెక్క ఇది. మట్టి 0.5 గ్రాములు, బ్లాంకు 20.0, నమూనా 18.4 మి.లీ. తేడా 1.6. దాన్ని ఫెర్రస్ ద్రావణం బలమైన 0.5తోనూ, కర్బనం బరువుగా మార్చే 0.003తోనూ గుణించి, మట్టి బరువుతో భాగించి, నూరుతో గుణిస్తే 0.48 శాతం. అర శాతం కంటే తక్కువ కాబట్టి ఈ నేల ‘తక్కువ’ వర్గం. అర నుంచి ముప్పావు శాతం మధ్య ఉంటే మధ్యస్థం, అది దాటితే ఎక్కువ.

బ్యూరెట్ నుంచి పడే చుక్క సుమారు 0.05 మి.లీ. రెండు చుక్కలు ముందే ఆపేస్తే నమూనా 18.3 అవుతుంది, తేడా 1.7, కర్బనం 0.51. నేల ‘మధ్యస్థం’ అయిపోయింది. ఇప్పుడు వరికి ఎకరానికి 48 కిలోల నత్రజని సిఫారసు అనుకుందాం. నేలలోని నత్రజనికి కర్బనాన్నే గుర్తుగా తీసుకుంటారు కాబట్టి, తక్కువ వర్గానికి నాలుగో వంతు పెంచితే 60 కిలోలు. యూరియాలో 46 శాతం నత్రజని. 48 కిలోలకు 104 కిలోల యూరియా, 60 కిలోలకు 130. తేడా 26 కిలోలు, అంటే ఇప్పటి 45 కిలోల బస్తాలో సగానికి పైగా. రెండు చుక్కల విలువ ఎకరానికి అరబస్తా యూరియా!

ఈ లెక్క అయ్యాక బ్యూరెట్ ముందు చేతులు మారిపోయాయి. అంతకుముందు ‘రంగు మారేదాకా వదలండి’ అనేవారు, తర్వాత ‘ఆకుపచ్చ మెరవడం మొదలుకాగానే చుక్క చుక్క’ అనడం మొదలుపెట్టారు. వెనక తెల్ల కాగితం పెట్టడం, ఒక బ్లాంకును పూర్తిచేసి చివరి రంగుకు నమూనాగా పక్కన ఉంచడం వాళ్లే తెచ్చిన ఉపాయాలు.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా తేల్చుకోవాలి. ఈ పద్ధతి కర్బనాన్నంతా పట్టదు, సుమారు 77 శాతమే పడుతుందని లెక్క. అందుకని కొన్ని మాన్యువళ్లు 1.3తో గుణిస్తాయి, కొన్ని గుణించవు. మన 0.48ని గుణిస్తే 0.62. అదే మట్టి, అదే టైట్రేషన్, వర్గం మారిపోయింది. ఏది వాడినా ఫరవాలేదు అనడానికి వీల్లేదు. వర్గాల హద్దులు ఏ లెక్క మీద పెట్టారో ఆ లెక్కనే వాడాలి, ఏది వాడామో రికార్డు మీద రాయాలి.

మట్టి పరీక్ష ఫలితాలు రాసి రైతుకు ఇచ్చే నేల ఆరోగ్య పత్రం గురించి కూడా అప్పుడే చెప్పాలి. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన ఆ పథకంలో 12 అంశాలుంటాయి. సాగునీరున్న చోట రెండున్నర హెక్టార్ల గడికి, వర్షాధారమైతే పది హెక్టార్ల గడికి ఒక నమూనా అని మొదట పెట్టారు. పది హెక్టార్ల గడిలో పల్లం మడీ మెరక చేనూ రెండూ పడొచ్చు. పత్రం మీద అంకె చూసి ‘ఇది మీ నేలదే’ అని రైతుకు చెప్పే ముందు ఆ గడి ఎంతో అధ్యాపకుడికి తెలిసి ఉండాలి. కర్బనం నత్రజనికి గుర్తు మాత్రమే, నత్రజని కాదన్నది కూడా. అందుబాటు నత్రజనిని నేరుగా కొలిస్తే హెక్టారుకు 280 కిలోల లోపు తక్కువ, 560 దాటితే ఎక్కువ.

అదే రెండు చుక్కలు ఎక్కువ పోసి మధ్యస్థ నేలను ‘తక్కువ’ అంటే, అక్కర్లేని ఆ అరబస్తా పొలంలో పడి ఏమవుతుందో పర్యావరణ శాస్త్రం అధ్యాపకులు అందుకున్నారు. కొంత నైట్రేటుగా బోరుబావికి, కొంత నైట్రస్ ఆక్సైడుగా గాలికి. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. అదే బ్యూరెట్ దగ్గర నిలబడి ఈ మాట చెబితే విద్యార్థికి గుర్తుంటుంది.

సింకు

అయిదో రోజు పొద్దున అడిగిన మొదటి ప్రశ్న: నిన్న ఫ్లాస్కులు ఎక్కడ కడిగారు? అందరూ సింకు వైపు చూశారు.

లెక్క వాళ్లతోనే వేయించాం. ఒక నార్మల్ డైక్రోమేట్ లీటరుకు 49 గ్రాములు. పది మి.లీ.లో దాదాపు అరగ్రాము, అందులో క్రోమియం 0.17 గ్రాములు. ముప్పై మంది చొప్పున రెండు బ్యాచ్‌లు, అంటే అరవై మంది తరగతిలో తలకో ఫ్లాస్కు అయితే పది గ్రాములకు పైగా క్రోమియం, 1.2 లీటర్ల గాఢ ఆమ్లం, మొత్తం పదిహేను లీటర్ల వ్యర్థం. అంటే లీటరుకు 680 మిల్లీగ్రాముల క్రోమియం. ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థ జలానికి మన పర్యావరణ నిబంధనల్లో మొత్తం క్రోమియం హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు, విషపూరితమైన ఆరు వేలెన్సీ క్రోమియానికి 0.1. నీటి కాలుష్యం మీద పాఠం చెప్పే కళాశాల, ఆ హద్దుకు 340 రెట్లు గాఢంగా ఉన్న నీటిని తన సింకులోనే వదులుతోంది.

టైట్రేషన్ పూర్తయిన ఫ్లాస్కులో క్రోమియం చాలావరకు మూడు వేలెన్సీకి దిగి, పచ్చగా ఉంటుంది. అది కొంత నయం. మధ్యలో వదిలేసిన ఫ్లాస్కులు, సీసాలో మిగిలిన డైక్రోమేట్, ఒలికింది తుడిచిన నీళ్లు, ఇవి నారింజ రంగులోనే ఉంటాయి. వాటిలో ఉన్నది ఆరు వేలెన్సీదే. టైట్రేషన్ బదులు రంగు కొలిచే పద్ధతి శుభ్రమైనదని కొందరంటారు. కానీ అందులో మిగిలిన డైక్రోమేట్‌ను ఎవరూ తటస్థం చేయరు, అది అలాగే పోతుంది. ఆ పద్ధతి వాడే చోట జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

శుద్ధి ఇలా చేయించాం. ప్లాస్టిక్ క్యాన్‌లో అంతా పోసి, నారింజ ఛాయ కనిపిస్తే ఫెర్రస్ సల్ఫేట్ వేస్తూ పూర్తిగా పచ్చబడేదాకా కలపాలి. ఇది ఆమ్లంగా ఉన్నప్పుడే జరగాలి, ముందే సున్నం వేస్తే ఆరు వేలెన్సీ క్రోమియం అలాగే మిగిలిపోతుంది. తర్వాత సున్నపు తేట కాదు, చిక్కటి సున్నం పాలు, కొంచెం కొంచెంగా, గాలి ఆడే చోట, చెక్క కర్రతో తిప్పుతూ. బాగా వేడెక్కుతుంది, తొందరపడితే చిమ్ముతుంది. పీహెచ్ 8 నుంచి 8.5 రాగానే ఆపాలి. ఒక రాత్రి వదిలితే జిప్సం, ఇనుము, క్రోమియం కలిసిన బురద అడుక్కు దిగుతుంది. పై తేట పరీక్షించి వదలవచ్చు. బురద ప్రమాదకర వ్యర్థం. దాన్ని ఎండబెట్టి, మూట కట్టి, అనుమతి ఉన్న కేంద్రానికే పంపాలి. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో పరవాడ అలాంటి చోట్లు. అరవై ఫ్లాస్కుల వ్యర్థానికి సున్నం రెండు కిలోలకు పైగా పడుతుంది, ఎండిన బురద నాలుగు కిలోలు దాటుతుంది. పది గ్రాముల క్రోమియానికి నాలుగు కిలోల బురద! దీన్ని చేతులారా చేసినవారికి వ్యర్థాన్ని శుద్ధి చేయడం కంటే పుట్టించకపోవడం మేలని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే చివరకు పద్ధతినే కుదించారు. ముగ్గురికో ఫ్లాస్కు, రెండు బ్యాచ్‌లకూ బ్లాంకులతో కలిపి 24. ప్రతిదీ సగం కొలత: అరగ్రాము మట్టి, 5 మి.లీ. డైక్రోమేట్, 10 మి.లీ. ఆమ్లం, 100 మి.లీ. నీరు, 250 మి.లీ. ఫ్లాస్కు. ఫెర్రస్ ద్రావణాన్ని అర నార్మల్ నుంచి 0.2 నార్మల్‌కు పలచన చేస్తే బ్లాంకు 25 మి.లీ. వస్తుంది, ఒక్క చుక్క తేడా 0.015 శాతం నుంచి 0.006కు దిగుతుంది. క్రోమియం పది గ్రాముల నుంచి రెండు గ్రాములకు తగ్గింది, అయిదు లీటర్ల క్యాన్ ఒకటి సరిపోయింది, సున్నం అరకిలో చాలింది. ఒక్క హెచ్చరిక: సగం కొలత ఫ్లాస్కు త్వరగా చల్లారుతుంది. ఒకే మట్టిని రెండు కొలతల్లోనూ చేసి చూసుకున్నాకే తరగతిలో పెట్టాలి, రైతుకు ఇచ్చే రిపోర్టుకు పూర్తి కొలతే వాడాలి.

36 నిమిషాల చక్రం

బోధన సాధనకు సూక్ష్మ బోధన వాడాం. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు సహచరుల మాట, పన్నెండు నిమిషాలు దిద్దుకోవడం, మళ్లీ ఆరు పాఠం, ఆరు మాట. మనిషికి 36 నిమిషాలు. పన్నెండు మందికి ఒకే గదిలో ఏడు గంటలు దాటుతుంది, వినేవాళ్లు అలసిపోయి చివరివారికి ‘బాగుంది’ అని వదిలేస్తారు. రెండు గదులు తీసుకుంటే పూటలో అయిపోతుంది. ఒక విడతలో ఒక్క నైపుణ్యమే చూడాలి. ప్రశ్న అడిగి మూడు నాలుగు సెకన్లు ఆగడం వినడానికి చిన్నది, చేయడం చాలా కష్టం. ఫోన్‌లో తీసిన వీడియోలో తమ ప్రశ్నకు తామే జవాబు చెప్పేసుకోవడం చూసుకున్నాక గానీ ఎవరూ నమ్మలేదు.

భాష విషయంలో ఒక మాట. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు తరగతిలో ఉంటారు. ‘ఆక్సిడేషన్’ అన్నప్పుడు ఒకసారి ‘కర్బనం కాలిపోవడం లాంటిది, మంట లేకుండా’ అంటే సగం గది ముఖం విచ్చుకుంటుంది. పరీక్ష ఇంగ్లీషులో రాసినా అర్థం తెలుగులోనే కుదురుకుంటుంది.

ఆరు వారాల తర్వాత

శిక్షణ చివర సంతృప్తి ఫారాలు నింపించలేదు. ఆరు వారాల తర్వాత ఒక్కొక్కరి నిజమైన ప్రాక్టికల్ చూశాం, మూడు విషయాలకే: డెబ్బయ్యో నిమిషానికి బ్యూరెట్ తిరిగిందా, తూకం దగ్గర వరస ఉందా, సింకులోకి ఏం వెళ్లింది. మొదటి రెండూ చాలామందికి కుదిరాయి.

మూడోది అంత తేలిగ్గా కుదరలేదు. క్యాన్ నిండింది, శుద్ధి ఎవరు చేయాలో తేలలేదు. మృత్తికా శాస్త్రం వారు ఇది పర్యావరణ విభాగం పని అన్నారు, పర్యావరణ విభాగం వారు వ్యర్థం పుట్టించినవాళ్లదే అన్నారు. సున్నం కొనడానికి ఇండెంట్ పెట్టే అధికారం ఇద్దరికీ లేదు. ఇది శిక్షణ రూపకల్పనలోనే జరిగిన లోపం. ప్రయోగశాల సహాయకులనూ, స్టోర్స్ చూసేవారినీ ఆరు రోజుల్లో ఒక్క పూటైనా కూర్చోబెట్టి ఉండాల్సింది. పొట్లాలు కట్టేదీ, ఫ్లాస్కులు కడిగేదీ వాళ్లే.

సగం కొలతను ఒప్పుకోనివారు కూడా ఉన్నారు. ప్రాక్టికల్ మాన్యువల్‌లో 10 మి.లీ. అని ఉంది, బయటి పరీక్షాధికారి వచ్చి అడిగితే విద్యార్థి నష్టపోతాడని వారి భయం. న్యాయమైన భయమే. మాన్యువల్‌లో రెండు కొలతలూ పక్కపక్కన అచ్చువేసి, పరీక్షకు ఏది వాడినా చెల్లుతుందని విభాగం తీర్మానం చేశాక అది పోయింది.

ఇప్పుడు రికార్డు పుస్తకంలో ఆ ప్రాక్టికల్ చివర ఒక కొత్త పేజీ ఉంది. తేదీ, ఫ్లాస్కులు ఎన్ని, వాడిన డైక్రోమేట్ ఎంత, అందులో క్రోమియం ఎన్ని గ్రాములు, క్యాన్‌లో పోసింది ఎన్ని లీటర్లు, పోసినవారి సంతకం. లెక్క విద్యార్థి వేస్తాడు. అధ్యాపకుడు క్యాన్ మీది గీత చూసి, సరిపోతేనే సంతకం పెడతాడు.